ఫోన్లో కూచున్న సావుకారి ఎవరు?

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక దళితవాడ. మార్చి నెల ఎండ. వేపచెట్టు కింద పదిమంది ఆడవాళ్ళు చింతకాయ కొడుతున్నారు. పెంకు ఒకపక్క, గింజ ఒకపక్క, ఈనెలు ఒకపక్క. ఏప్రిల్ 14 సభకు పిలుద్దామని పోయినాం. మేం నోరు తెరవకముందే ఒక పెద్దక్క చేతిలో సుత్తి కింద పెట్టి నిలదీసింది.

"అబ్బయ్యా, మా మనవరాలు ఫోన్లో చూపించింది. గింజ తీసిన చింతపండు కిలో రెండొందల నలభై అని ఏసుండాది. దాన్ని కొట్టింది మాయట్లాటోళ్ళే గదా! మాకిచ్చే కూలి ఎంతో నీకు తెలుసు. ఆ ఫోన్లో కూచున్న సావుకారి ఎవురు? యాడుంటాడు? పోయి అడిగొద్దామంటే ఆయన ఇల్లు యాడ?"

చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే జవాబు నాకూ సరిగ్గా తెలీదు. భూమి గురించి, కూలి గురించి, శ్మశానం దారి గురించి గంటసేపు మాట్లాడగలిగిన మనం ఈ ప్రశ్నకాడ నోరు మూసుకున్నాం. ఇంటర్నెట్ అంటే చదువుకున్నోళ్ళ సంగతి అని ఇన్నాళ్ళూ పక్కన పెట్టినాం. ఇప్పుడు రేషన్ కార్డు దానిలోనే, ఉపాధి కూలి దానిలోనే, పిల్లల స్కాలర్‌షిప్ దానిలోనే. చివరికి చింతపండు కూడా అందులోకే పోయింది. ఇంక పక్కన పెట్టేదానికి ఏముంది?

అక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటా నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. తెలిసినోళ్ళు నవ్వుకోండి, తెలియనోళ్ళు చదవండి.

ముందు రోడ్డు సంగతి చూద్దాం, సంత సంగతి తర్వాత.

ఇంటర్నెట్ ఆకాశంలో ఉండే మాయేమో అని చాలామంది అనుకుంటారు. ఫోనుకూ టవరుకూ మధ్య మాత్రమే గాలి. టవరు కాడి నుంచి ఎక్కువగా తీగే. తలవెంట్రుకంత సన్నటి గాజుపోగు, దాని లోపల వెలుతురు పరుగెత్తుతుంది. ఆ తీగ రోడ్ల పక్కన తవ్విన గాడిలో పట్నానికి పోతుంది. చెన్నైలో, ముంబైలో సముద్రంలోకి దిగి దేశాలు దాటుతుంది. "క్లౌడ్‌లో ఉంది" అంటారు చూడండి, ఏ మబ్బులోనూ ఏమీ లేదు. ఎవరిదో ఒకరి జాగాలో, చల్లమిషన్ల మధ్య, రాత్రీ పగలూ కరెంటు తింటూ నడిచే కంప్యూటర్లు అవి. వాటిని సర్వర్లు అంటారు. మన ఫోన్లో కనబడే అంగడి నిజానికి ఉండేది అక్కడ.

కబురు అక్కడికి ఎట్లా పోతుంది? ఇది మనకు కొత్త కాదు. మన తాతలు వెట్టి చేసినోళ్ళు. ఊరి పెత్తందారు చీటీ రాసిస్తే మన తాత దాన్ని తన ఊరి పొలిమేర దాకా మోసి, అవతలి ఊరి వెట్టివాని చేతికి ఇచ్చి వెనక్కి వచ్చేవాడు. ఆయన ఇంకో పొలిమేర దాకా. చీటీలో ఏముందో మోసినోడికి తెలియదు, తెలుసుకోనిచ్చినోళ్ళూ లేరు. ఎవరికి చేరాలో ఆ పేరొక్కటే తెలుసు. ఇంటర్నెట్‌లో దారి పొడుగునా ఉండే రూటర్ అనే పెట్టెలు చేసేది సరిగ్గా ఈ పనే. చిరునామా చూసి పక్క పెట్టెకు అందించడం.

ఇంకొకటి ఉంది. పెద్ద కబురును ఒకే మూటగా పంపరు. పాత ఇల్లు విప్పి ఇంకో ఊర్లో కట్టేటప్పుడు ఏం చేస్తాం? దూలాలకూ వాసాలకూ సున్నంతో నంబర్లు వేసి నాలుగు బండ్లకు ఎత్తుతాం. ఒక బండి వాగు దారిన, ఒక బండి రోడ్డు దారిన పోయినా, అక్కడ దించినాక నంబర్ల ప్రకారం ఇల్లు మళ్ళీ నిలబడుతుంది. ఏదైనా వాసం తగ్గితే "పన్నెండో నంబరు రాలేదు, మళ్ళీ పంపు" అని కబురు చేస్తారు. మీ ఫోన్లో బొమ్మ, పాట, బ్యాంకు లెక్క అన్నీ ఇట్లా ముక్కలై పోయి అక్కడ అతుక్కునేవే. ఆ ముక్కను పాకెట్ అంటారు. 1969లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో నాలుగు చోట్ల కంప్యూటర్లను ఇట్లా కలిపి చూసినారు. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు, వేరువేరు కంపెనీల తీగలు, వేరువేరు మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడే కట్టుబాట్లు రాసి అచ్చేసినారు. ఆ కట్టుబాట్లు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. మనం ఇప్పుడు చూసే పేజీల పద్ధతిని, అంటే వెబ్‌ను, తయారుచేసింది టిమ్ బెర్నర్స్ లీ. ఆయన పనిచేసిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మకానికి వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోడ్డు పుట్టుకలో ఒక సుగుణం ఉంది. పాకెట్ ఏ వాడ నుంచి వచ్చిందని రూటర్ అడగదు. చెప్పులు విడిచి చేత పట్టుకుని పొమ్మనదు. కలెక్టరు ఫోన్ నుంచి వచ్చిన ముక్కా, మన పెద్దక్క మనవరాలి ఫోన్ నుంచి వచ్చిన ముక్కా ఒకే తీగలో, ఒకే వరసలో పోవాలని దాని కట్టుబాటు. మన ఊర్లలో రోడ్లకు ఈ కట్టుబాటు ఎప్పుడుండింది?

అయితే ఆ కట్టుబాటునూ చెడగొట్టే పని జరిగింది, అదీ పేదోళ్ళ పేరుతో. 2015లో ఫేస్‌బుక్ కంపెనీ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల్లో ఒక పథకం పెట్టింది. తర్వాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చింది. పేదోళ్ళకు ఇంటర్నెట్ ఊరికే ఇస్తామన్నారు. ఊరికే ఇచ్చింది మొత్తం ఇంటర్నెట్టా? తాము ఒప్పుకున్న కొన్ని సైట్లే. డబ్బున్నోడికి ఊరంతా తిరిగే రోడ్డు, మనకు వాళ్ళు చూపించిన నాలుగు గడపలు. దీన్ని మనం ఎక్కడ చూసినాం? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఇదే కదా! టీ ఇస్తాడు, గ్లాసు మాత్రం వేరు. దేశమంతా లక్షలమంది దీన్ని వ్యతిరేకిస్తూ టెలికం నియంత్రణ సంస్థకు రాసినారు. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ, సైటును బట్టి రేటు మార్చడం కుదరదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ గ్లాసు అక్కడ పగిలింది. ఆ గొడవలో మన సంఘాల గొంతు పెద్దగా వినబడలేదు. రెండు గ్లాసుల సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? మనకు సంగతే తెలీక ఊరకుండిపోయినాం.

సరే, రోడ్డుకు యజమాని లేడు. మరి సావుకారి ఎక్కడ కూచున్నాడు? రోడ్డు పక్కన పెట్టిన సంతలో.

ఈ-కామర్స్ అంటే అదే, ఇంటర్నెట్ రోడ్డు మీద పెట్టిన సంత. 2007లో బెంగుళూరులో ఇద్దరు కుర్రాళ్ళు ఫ్లిప్‌కార్ట్ అనే పుస్తకాల అంగడి పెట్టినారు. దానికి మొదటి ఆర్డర్ వచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచే. పట్నంలో దొరకని పుస్తకం పాలమూరు మనిషి ఇంటికి వచ్చింది. మంచిదే. పదకొండేళ్ళు తిరిగేసరికి, 2018లో, ఆ అంగడిలో పెద్దవాటాను అమెరికా వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లకు కొనేసింది. మధ్యలో సరుకు మోసినోళ్ళు, మూట కట్టినోళ్ళు ఎంతోమంది. ఆ డాలర్లలో వాళ్ళ వంతు ఎంతో ఎవరైనా లెక్క చెబితే వినాలని ఉంది.

ఫోన్లో మీరు "కొను" అనే బొమ్మ నొక్కితే ఏం జరుగుతుంది? ఆర్డరు ముక్కలై సర్వరుకు పోతుంది. డబ్బు కట్టాలంటే సర్వరు మీ బ్యాంకును అడుగుతుంది, బ్యాంకు మిమ్మల్ని రహస్య నంబరు అడుగుతుంది, సరే అన్నాక డబ్బు ముందు సంత యజమాని లెక్కలో పడుతుంది. సరుకు అమ్మినోడికి అప్పుడే రాదు. గోడౌన్లో ఒక కుర్రాడు సరుకు వెతికి తీస్తాడు, ఇంకో ఆడమనిషి పెట్టెలో పెట్టి టేపు వేస్తుంది, లారీ ఎక్కుతుంది, పట్నంలో దిగుతుంది, అక్కడ మోటారు సైకిల్ ఎక్కి మీ ఇంటికొస్తుంది. నచ్చకపోతే వెనక్కి పోతుంది, ఆ ఖర్చు చాలాసార్లు అమ్మినోడి నెత్తిన పడుతుంది. గడువు దాటినాక సంత యజమాని తన కమీషన్, రవాణా, ఇతర ఖర్చులు తీసుకుని మిగిలింది అమ్మినోడికి వేస్తాడు.

మండీకి పోయిన ఏ రైతుకైనా ఇది చదువుతుంటే తెలిసిన వాసన వస్తుంది. సరుకు మనది, తక్కెడ వాడిది. లెక్క వాడు రాస్తాడు, డబ్బు వాడి చేతిలో నిలుస్తుంది. మండీలో ముందు వరసలో ఎవరి బుట్టలు పెట్టాలో మండీ యజమాని ఇష్టం. ఫోన్లో చింతపండు అని వెతికితే మొదట ఎవరి పొట్లం కనబడాలో సంత యజమాని ఇష్టం. డబ్బు కట్టిన పొట్లం పైకి వస్తుంది, కట్టనిది అడుక్కు పోతుంది. జనం అడుగు దాకా చూడరు. విదేశీ సొమ్ముతో నడిచే ఆన్‌లైన్ సంత తన సరుకు తానే పెట్టి అమ్మకూడదని, సంత నడపడం వరకే ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. అయినా అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ తమకు కావలసిన అమ్మకందార్లకే ముందు వరస ఇస్తున్నారన్న ఫిర్యాదు మీద 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. అంటే ఢిల్లీ వ్యాపారస్తుల కడుపు మండిన సంగతే ఇది. మనం ఇంకా ఆ సంత గేటు కాడికి కూడా చేరలేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. మండీ యజమానికి మీ సరుకే తెలుసు. ఫోన్లో సావుకారికి మీరు ఏ రోజు ఏం వెతికినారు, ఏ రేటుకు ఆగిపోయినారు, జీతం పడిన దినం ఎంత ఖర్చు చేసినారు, అన్నీ తెలుసు. ఆ ఎరుకే వాడి అసలు పెట్టుబడి.

ఇప్పుడు మన మదనపల్లె సంగతికి వద్దాం. టమోటాకు ఈ మార్కెట్ దేశమంతా పేరు పడింది. 2016 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ 125వ జయంతి దినాన, కేంద్రం ఈ-నామ్ అని మార్కెట్ యార్డులను కంప్యూటరులో కలిపే పథకం మొదలుపెట్టింది. ఎక్కడి వ్యాపారి అయినా ఎక్కడి సరుకుకైనా పాట పాడొచ్చన్నారు. ఆలోచన బాగుంది. దినం చూసుకుని పెట్టినారు, అదీ బాగుంది. కానీ ఎండు మిరపకాయ మాదిరి నిలవుండే సరుకు సంగతి వేరు, టమోటా వేరు. పొద్దున కోసింది మర్నాటికి నీరవుతుంది. దూరం వ్యాపారి కంప్యూటరులో చూసి ఆలోచించుకునే దాకా అది ఆగదు. నాణ్యత తేల్చే మిషను, నిలవుంచే చల్లగది, మర్నాడే డబ్బు వేసే బ్యాంకు, ఈ మూడూ లేకుండా తెర మీద రేటు పెడితే, రైతు మళ్ళీ కమీషన్లూ జాక్‌పాట్ బాక్సులూ తీసుకునే మండీకే పోతాడు. అప్పు ఇచ్చింది కూడా ఆ మండీయే కదా.

2023 జులై గుర్తుందా? మదనపల్లెలో కిలో టమోటా నూట యాభై దాటింది. ఢిల్లీలో గగ్గోలు పుట్టింది. వెంటనే ఎన్‌సీసీఎఫ్ అనే కేంద్ర సహకార సంస్థ మదనపల్లె, కోలారు, మహారాష్ట్రల నుంచి టమోటా కొని, ఢిల్లీ చుట్టుపక్కల మొదట 90 రూపాయలకు, తర్వాత 80కి, ఆపైన 70కి అమ్మింది. నెల తిరగకముందే ఓఎన్‌డీసీ అనే ప్రభుత్వ అండ ఉన్న ఆన్‌లైన్ వేదిక ద్వారా ఢిల్లీ జనం ఫోన్లో నొక్కితే 70 రూపాయల టమోటా గడపకు వచ్చింది. నష్టం సర్కారు భరించింది. మన మదనపల్లె టమోటా ఈ-కామర్స్‌లో ఎక్కిన వైనం ఇది!

అంటే తలుచుకుంటే పది దినాల్లో అయ్యే పనే. మరి సెప్టెంబరు వచ్చేసరికి ధర పడిపోయి రాయలసీమ రైతులు రోడ్ల పక్కన టమోటా పారబోసినప్పుడు, ఆ ఫోన్లు, ఆ లారీలు, ఆ నష్టం భరించే చేతులు ఎక్కడికి పోయినాయి? తినేవాడి కష్టానికి ఆన్‌లైన్ పరుగెత్తింది. పండించినోడి కష్టానికి అంత హడావిడి నాకు కనబడలేదు. ఇంక కాయ కోసిన కూలి సంగతి చెప్పేదేముంది? కిలో నూట యాభై అయినా అయిదు అయినా, దినం కూలి మాత్రం ఎదుగూ బొదుగూ లేకుండా అక్కడే ఉంటుంది. నూట యాభై ఉన్నప్పుడు మాత్రం కూలోళ్ళు ఒడిలో నాలుగు కాయలు పెట్టుకున్నారేమోనని గట్టు మీద నిలబడి చూసేదొకటి ఎక్కువవుతుంది.

ఓఎన్‌డీసీ గురించి ఇంకొక మాట. దాన్ని తిట్టడానికి నేను ఈ ముక్క రాయలేదు. అది ఒక అంగడి కాదు, అంగళ్ళన్నింటినీ కలిపే కట్టుబాటు. మీరు ఒక యాప్‌లో సరుకు పెట్టుకుంటే, వేరే యాప్‌లో ఉన్నవాడికీ అది కనబడాలి. యూపీఐ ఎట్లా? మీ ఫోన్లో ఒక కంపెనీ యాప్, టీ అంగడోడి కాడ ఇంకో కంపెనీ బొమ్మ, అయినా డబ్బు పోతుంది కదా. 2016 డిసెంబరులో ప్రభుత్వం తెచ్చిన యూపీఐ యాప్‌కు బాబాసాహెబ్ పేరే పెట్టినారు, భీమ్ అని. సంతను కూడా అట్లా ఒకడి గుప్పిట్లో లేకుండా చేయాలన్నది ఆ ఆలోచన. మన సొసైటీలు కన్నేసి ఉంచాల్సిన సంగతి ఇది.

కుప్పం గురించి కూడా చెప్పాలి. పుంగనూరు, పలమనేరు దాటి దక్షిణంగా పోతే వచ్చే ఈ ఊరు మూడు రాష్ట్రాల మూల. ఇంటర్నెట్ మన పల్లెలకు కొత్త అనుకుంటాం కానీ, అమెరికా కంపెనీ హ్యూలెట్ పాకర్డ్, అదే హెచ్‌పీ, 2002లోనే కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని పెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కదా, కెమెరాలు కూడా బాగానే వచ్చినాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచినారు. అందులో నాకు నచ్చిన పని ఒకటుంది. పల్లె ఆడవాళ్ళు కొందరికి డిజిటల్ కెమెరా, ఎండతో నడిచే ప్రింటరు ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పినారు. కార్డులకూ పెళ్ళిళ్ళకూ ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకున్నారు. కూలికి పోయే ఆడమనిషి మెడలో కెమెరా వేసుకుని పెద్దింటి పెళ్ళిలో "కొంచెం ఇటు తిరగండి" అని చెబితే తిరగాల్సి వచ్చింది చూడండి, ఆ ముచ్చట ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు. మూడేళ్ళు గడిచినాయి, 2005లో కంపెనీ పనిని స్థానిక సొసైటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కంపెనీ వచ్చింది తన సరుకుకు పల్లెల్లో గిరాకీ ఉందా అని చూసుకోవడానికి కూడా. దాంట్లో తప్పు పట్టేదేం లేదు, వ్యాపారి వ్యాపారమే చేస్తాడు. పథకం వచ్చినప్పుడు ఆ మిషన్లు, ఆ లెక్కలు, ఆ చదువు ఎవరి చేతిలో మిగలాలో రాయించుకోకపోవడం మన పొరపాటు.

ఇప్పుడు కుప్పంలో ఒక ఆడవాళ్ళ సంఘం చింతపండు ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటే ఏమవుతుందో చూడండి. 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితికి లోపల అమ్మకాలున్న చిన్న వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, పాన్ కార్డుతో ఒక నంబరు తీసుకుని ఈ-కామర్స్ కంపెనీల ద్వారా సరుకు అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రంలోపలే. అంటే కుప్పం అక్క ఎక్కడో ఉన్న శ్రీకాకుళానికి పంపొచ్చు, పక్కనే ఉన్న కృష్ణగిరికీ కోలారుకీ పంపాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి! కుప్పంలో నిలబడి చూసినోడు ఎవడూ ఈ నిబంధన రాసుండడు. తిండి సరుకు కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా తప్పదు. ఇవి చేసిపెట్టే మనిషి కావాలి. మన పిల్లల్లో డిగ్రీ చదివి డెలివరీ బండి నడిపేవాళ్ళు వాడకొకరైనా ఉన్నారు. బరువు మోసేది వాళ్ళే, రోడ్డు తెలిసిందీ వాళ్ళకే. వాళ్ళను ఒకచోట కూచోబెట్టాలి.

కులం సంగతి ఏమిటని అడుగుతారు. తెర మీద పొట్లానికి కులం కనబడదు, నిజమే. పచ్చడి కలిపిన చెయ్యి ఎవరిదని ఫోన్ అడగదు. అందుకేనేమో కొందరు పొట్లం మీద తమ కులం పేరు పెద్ద అక్షరాలతో అచ్చేసుకుని మరీ అమ్ముకుంటున్నారు, శుచి అని చెప్పుకోవడానికి. దానికి జవాబుగా చంద్రభాన్ ప్రసాద్ అనే దళిత మేధావి 2016లో దళిత్ ఫుడ్స్ అని పేరు పెట్టి పచ్చళ్ళు, మసాలాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినాడు. మా చేతి తిండి తింటారా లేదా అని దేశాన్ని నేరుగా అడగడం అది. ఇక సరుకు తెచ్చే కాడ కులం మళ్ళీ కనబడుతుంది. చిరునామాలో ఎస్సీ కాలనీ అని ఉంటే "మెయిన్ రోడ్డు కాడికి వచ్చి తీసుకోండి" అని ఫోను వస్తుంది. మా ఇంటికి అట్లాంటి ఫోన్లు ఎన్నోసార్లు వచ్చినాయి. తీగ వాడ లోపలికి వచ్చింది, బండి మాత్రం బయటే ఆగింది.

మోసం గురించి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. పుంగనూరు ఆవు తెలుసు కదా, నడుమెత్తు కూడా ఉండని పొట్టి జాతి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెట్టిన బొమ్మలు వచ్చినప్పటి నుంచి దానికి ఎక్కడలేని గిరాకీ. మా చుట్టం ఒకాయన ఫోన్లో దూడ వీడియో చూసి, అడ్వాన్సు కింద పదిహేను వేలు యూపీఐలో వేసినాడు. దూడా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. పుంగనూరు పక్కనే పుట్టి పెరిగినోడు పుంగనూరు దూడ కోసం ఫోన్లో మోసపోయినాడు! రెండు దినాలు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు దినాలే దొంగకు కావలసింది. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, అది ఇంకో లెక్కలోకి దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది. డబ్బు రావడానికి రహస్య నంబరు కొట్టాల్సిన పని లేదు, కొట్టమన్నాడంటే దొంగే. సరుకు చెడ్డది వచ్చి కంపెనీ పలకకపోతే 1915 వినియోగదారుల ఫోను. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ సంత యజమాని ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపల తేల్చాలి. అమ్మినోడి పేరు, చిరునామా చూపించాలి. పెద్దక్క అడిగిన "ఆయన ఇల్లు యాడ" అనే ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది, అడిగేవాళ్ళు కావాలి.

మళ్ళీ ఆ వేపచెట్టు కిందికే పోయినాం, పదిహేను దినాల తర్వాత. ఈసారి సుద్దముక్క తీసుకుపోయి గోడ మీద లెక్క రాసినాం. అంకెలు మా అందాజు, ఎవరి ఊర్లో వాళ్ళు సరిచూసుకోండి. కిలో 240కి అమ్మినామనుకుందాం. కాయ కొన్న ఖరీదు 130. కవరు, పెట్టె 15. కొరియరు 65. సంత యజమానికి 30. మిగిలింది సున్నా. కొట్టిన కూలి ఎక్కడ? అంతా గమ్మున అయిపోయినారు. అప్పుడు అదే పెద్దక్క అడిగింది, "అయిదు కిలోలు ఒకే మూటగా పంపితే?" మళ్ళీ రాసినాం. కిలోకి పది తగ్గించి 1150. కాయకు 650, పెట్టెకు 30, కొరియరుకు 180, సంతకు 140. మిగిలింది 150, అంటే కిలోకి ముప్పై. బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పదిమంది కలిసి నేరుగా చెప్పించుకుంటే సంత యజమాని 140 కూడా ఉండదు, బస్సుకు వేసి పంపితే కొరియరు సగం తగ్గుతుంది.

"అయితే మొదట కాయ కొనేదానికి దుడ్డు యాడిది?" అంది పక్కన కూచున్న ఇంకొకామె.

పొదుపు సంఘం పుస్తకం తెస్తానని పెద్దక్క ఇంట్లోకి పోయింది. లెక్క ఇంకా గోడ మీదే ఉంది. వచ్చే పున్నమి మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు అక్కడే కూర్చుంటున్నాం. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తమ ఊరి కాయ ధర, కూలి రేటు రాసుకుని రండి. డెలివరీ బండ్లు నడిపే తమ్ముళ్ళు బండ్లు తీసుకునే రండి. ఫోన్లకు చార్జింగ్ పెట్టుకుని రావాలి, ఆ వాడలో సాయంత్రం కరెంటు నిలకడ లేదు.